కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ కావడం సరిహద్దు జిల్లాల పిల్లలకి కుదిరే పనేనా?

ప్రశ్న అడిగిన అమ్మాయిది ఒడిశాలోని రాయగడ. నాన్నగారు కాగితం మిల్లులో షిఫ్టు ఆపరేటరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. బి.టెక్ కెమికల్ చివరి ఏడాదిలో ఉంది, చేతిలో సాఫ్ట్‌వేర్ ఆఫరు ఉంది, మనసు మాత్రం పరిశోధన మీద, పాఠం చెప్పడం మీద ఉంది. ప్రొఫెసర్లు రోజంతా ఏం చేస్తారు, పీహెచ్‌డీకి అన్నేళ్లు పెట్టాక ఉద్యోగం రాకపోతే ఏమిటి, పెద్ద ఊళ్ల పిల్లల ముందు తను నిలబడగలదా అని అడిగింది.

మాది పర్లాకిమిడి. విశాఖలో చదువుకుని, కెమికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పుకుంటూ, స్కాలర్లకి గైడుగా ఉంటూ రిటైరయ్యాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టు.

సూటిగా చెప్పాలంటే, వెళ్లమ్మా. కాని ఫెలోషిప్ (నెలనెలా వచ్చే పరిశోధన భృతి) లేకుండా వెళ్లొద్దు, గైడు ఎలాంటివాడో తెలుసుకోకుండా చేరొద్దు. ఈ రెండిట్లో ఏది కుదరకపోయినా సాఫ్ట్‌వేరే మేలు. అందులో నామోషీ ఏమీ లేదు. సొంత డబ్బు పెట్టి పీహెచ్‌డీ చేసినవాళ్లని చూశాను. రెండో ఏటికే ఇంట్లో మాటలు మొదలవుతాయి, మూడో ఏటికి వాళ్లకే దాని మీద విసుగొస్తుంది.

ప్రొఫెసర్ పని గురించి సినిమాల్లో చూసినది మర్చిపో. వారంలో పాఠాలు చెప్పే గంటలు తక్కువే. వాటికి తయారయ్యే గంటలు ఎక్కువ, కాగితాలతో కుస్తీ పట్టే గంటలు అంతకన్నా ఎక్కువ. ల్యాబుకి ఒక చిన్న పంపు కొనాలంటే ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్లో వెతకాలి, అక్కడ లేదని రాసివ్వాలి, మూడు కొటేషన్లు తెప్పించాలి, వాటిని పోల్చి పట్టిక వెయ్యాలి. రెండేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లు వచ్చి, ఇంతకన్నా చవకది ఎందుకు కొనలేదని అడుగుతారు. అక్రెడిటేషన్ (కాలేజీ గుర్తింపు కోసం జరిగే తనిఖీ) ఏడాది వస్తే డిపార్ట్‌మెంటంతా ఫైళ్లే. వీటి మధ్య ఒక ప్రాజెక్టు ప్రపోజలు రాసుకుని, స్కాలర్ల డ్రాఫ్టులు దిద్ది, ప్రశ్నపత్రం సెట్ చెయ్యాలి. ఇదంతా భరించదగ్గదే, లోపల నిన్ను తొలిచే ప్రశ్న ఒకటి ఉంటే. అది లేనివాళ్లకి ఇది గుమస్తా ఉద్యోగం కంటే బరువు.

నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ప్రశ్న గురించే. పరిశోధనకి ప్రశ్న ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నావు? చాలామంది విదేశీ పేపరొకటి తీసుకుని, అందులోని ఉత్ప్రేరకం మార్చి, ఉష్ణోగ్రత మార్చి ఇంకో పేపరు వేస్తారు. దాంతో డిగ్రీ వస్తుంది. ఇరవై ఏళ్ల పాటు ఆ పని చేయబుద్ధి పుడుతుందా అంటే నాకు నమ్మకం లేదు. ఈ విషయంలో రాయగడలో పుట్టడం నీకు కలిసొచ్చే సంగతి. ఎలాగో ఒక ఉదాహరణతో చెప్తాను, మీ నాన్నగారికి ఇది కొట్టినపిండి.

కాగితం గుజ్జు తీసే క్రాఫ్ట్ పద్ధతిలో వెదురునో కలపనో ముక్కలు కొట్టి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన వైట్ లిక్కర్‌లో 160–170 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. పీచుల్ని అతికించి ఉంచే లిగ్నిన్ కరిగిపోయి గుజ్జు మిగులుతుంది. ఆ కరిగిన నల్లటి ద్రవమే బ్లాక్ లిక్కర్. అది కడిగి బయటికొచ్చేటప్పుడు అందులో ఘనపదార్థం దాదాపు 15 శాతం. నీటిని ఆవిరి చేసే ఎవాపరేటర్ల వరసలో 65 శాతం దాకా చిక్కబడితే గాని రికవరీ బాయిలర్‌లో సరిగ్గా మండదు. మండితే ఆవిరి వస్తుంది, కరెంటు వస్తుంది, అడుగున కరిగిన సోడా వస్తుంది. ఆ సోడాకి సున్నం కలిపి మళ్లీ వైట్ లిక్కర్ చేసుకుంటారు. ఈ చక్రం సరిగ్గా తిరిగితేనే మిల్లుకి గిట్టుబాటు.

వెదురుతో వచ్చే చిక్కు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. కలపలో కంటే వెదుర్లో అది చాలా ఎక్కువ. సోడాలో కరిగి లిక్కర్‌తో పాటే ప్రయాణం చేస్తుంది, ఎవాపరేటరు గొట్టాల్లో పేరుకుంటుంది. బోరు నీళ్లు కాచే గిన్నెకి అడుగున కట్టే తెల్లటి పొర తెలుసుగా, అలాంటిదే, కాకపోతే గాజులా గట్టిగా ఉంటుంది. దాంతో ఆవిరి వేడి లిక్కర్‌కి సరిగ్గా అందదు, ఆవిరి ఖర్చు పెరుగుతుంది, చివరికి లైన్ ఆపి శుభ్రం చెయ్యాలి. అంతటితో పోదు. సోడాకి సున్నం కలిపాక మిగిలే సున్నపు బురదలోకీ సిలికా చేరుతుంది, దాంతో ఆ బురదని కాల్చి మళ్లీ సున్నంగా వాడుకోవడం కష్టమై, పారబొయ్యాల్సి వస్తుంది.

దీనికి తెలిసిన మందు ఒకటుంది. పొగగొట్టంలోని కార్బన్ డయాక్సైడ్‌ని బ్లాక్ లిక్కర్‌లోకి పంపితే పీహెచ్ (క్షారగుణం కొలత) దిగుతుంది. 10 చుట్టుపక్కలకి రాగానే సిలికా విడిపోతుంది. వినడానికి తేలిక. ఇంకొంచెం దిగిందా, లిగ్నిన్ కూడా విడిపోయి జిగురుగా ఫిల్టరుని మూసేస్తుంది. మధ్యలో ఉన్న ఆ సన్నటి సందు ఎంత, లిక్కర్ చిక్కదనాన్ని బట్టి, వేడిని బట్టి అది ఎటు జరుగుతుంది? ఒక స్కాలరు పీహెచ్‌డీ మొత్తం దీని మీదే నడిచింది. బీకరులో సోడియం సిలికేట్ కలుపుకుని చేసిన మొదటి గ్రాఫులు ముచ్చటగా వచ్చాయి. మిల్లు నుంచి తెచ్చిన అసలు లిక్కర్‌తో చేస్తే ఆ ముచ్చట పోయింది. ఆ క్యాన్లు తేవడానికి జీపు మాట్లాడుకుంటే, వాసనకి డ్రైవరు దారి పొడుగునా అద్దాలు దించే ఉంచాడు. మళ్లీ పిలిస్తే రానన్నాడు.

అసలు సంగతి ఎవాపరేటరు దగ్గర షిఫ్టులో ఉన్న ఒక పెద్దాయన చెప్పాడు: వానలు పడ్డాక మట్టి అంటుకుని వచ్చే వెదురుతో నడిపిన రోజుల్లో గొట్టాలు తొందరగా పట్టేస్తాయని. వెదురు లోపలి సిలికా గురించే ఆలోచిస్తున్న మాకు, బయట అంటుకుని వచ్చే ఇసుక, మట్టి లెక్కలోకే రాలేదు. ముక్కలు కడిగి ఉడికించిన లిక్కరు, కడగకుండా ఉడికించిన లిక్కరు వేరువేరుగా తీసి పోల్చాక ఆ థీసిస్‌లో ఒక అధ్యాయమే పుట్టింది. ఆయన చదివింది పదో తరగతి. ఆయనతో కూర్చుని టీ తాగి ఒడియాలో మాట్లాడగలిగిన స్కాలరు ఉండబట్టి ఆ మాట బయటికొచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషులో ప్రశ్నల పత్రం ఇస్తే ఆయన అన్నిటికీ "ఎస్ సార్" అని ఉండేవాడు.

భాష గురించి నీ భయానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఒడియా, తెలుగు రెండూ వచ్చినవాళ్లు మన వైపు ప్లాంటులో ఎవరితోనైనా మాట్లాడగలరు. ఇంగ్లీషు రాత సంగతంటావా, ల్యాబు నోటుబుక్కు రోజూ పూర్తి వాక్యాల్లో రాస్తే ఏడాదిన్నరలో దారికొస్తుంది. మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. వైవాలో (మౌఖిక పరీక్షలో) తడబడ్డందుకు ఎవరూ ఫెయిల్ చెయ్యరు, చేసిన పని తెలియకపోతేనే చేస్తారు.

మన చుట్టూ ఇలాంటి ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో, మీ జిల్లాలోనే దొరగుడలో ఉత్కల్ అల్యూమినా, రెండూ అల్యూమినా ఫ్యాక్టరీలే. బాక్సైట్ నుంచి టన్ను అల్యూమినా తీస్తే దాదాపు టన్ను నుంచి టన్నున్నర దాకా రెడ్ మడ్ అనే ఎర్రటి వ్యర్థపు బురద మిగులుతుంది. దీంతో ఇటుకలు చేశాం, టైల్సు చేశాం అని పేపర్లు కుప్పలు. ఇటుక చెయ్యలేకపోవడం ఎప్పుడూ సమస్య కాదు. అందులో మిగిలిన సోడా బయటికి కారకుండా ఎలా పట్టి ఉంచాలి, అంత చవక సరుకుని ఎంత దూరం మోస్తే గిట్టుతుంది అన్నవే సమస్య. ఆ రెండు లెక్కలు లేని రెడ్ మడ్ పేపరు నా దగ్గరికి సమీక్షకి వస్తే వెనక్కి పంపేవాణ్ణి. తేరుబలిలో ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం మిశ్రమం), దాని స్లాగులోంచి, అంటే కొలిమిలో మిగిలే చిట్టెంలోంచి, క్రోమియం నీళ్లలోకి దిగుతుందా లేదా అన్న ప్రశ్న. ఛత్రపురం దగ్గర బీచి ఇసుకలోంచి ఇల్మెనైటు, మోనజైటు ఖనిజాలు. గజపతి, గంజాం కొండల మీద జీడితోటలు, గింజ తీశాక మిగిలే తొక్కలో నూనె. ఆ నూనెలోని అనకార్డిక్ ఆమ్లాన్ని వేడి చేస్తే కార్డనాల్ అవుతుంది, రెసిన్లకీ రంగులకీ పనికొస్తుంది. మహారాష్ట్ర వైపు సిరొంచ, బల్లార్షా తెలుగు పిల్లలకీ ఇదే చెప్తాను: బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు, చంద్రపూర్‌లో థర్మల్ కేంద్రం బూడిద మీ గుమ్మంలోనే ఉన్నాయి.

ఇది నేను కనిపెట్టిన దారి కాదు. ముంబయి విశ్వవిద్యాలయ రసాయన సాంకేతిక విభాగం యూడీసీటీలో ఎం.ఎం. శర్మ గారు వాయువు ద్రవంలో కరుగుతూ చర్య జరిపే వ్యవస్థల మీద పని చేశారు. పరిశ్రమలో రోజూ ఎదురయ్యే సంగతి అది. 1990లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, మన దేశంలో కెమికల్ ఇంజినీర్లలో ఆయనే మొదటివారు. మన యలవర్తి నాయుడమ్మ గారు తెనాలి దగ్గర పల్లెటూరి మనిషి, మద్రాసు తోళ్ల పరిశోధనాలయాన్ని తోళ్లు పదును చేసే వాళ్ల దాకా తీసుకెళ్లారు.

ఇక పాఠం చెప్పడం. పరిశోధన బాగా చేసేవాళ్లు పాఠాన్ని శిక్షలా చూడటం నాకు నచ్చదు. రెండో ఏడాది పిల్లలకి మాస్ బ్యాలెన్స్ (లోపలికెళ్లిన సరుకుకీ బయటికొచ్చిన సరుకుకీ లెక్క) చెప్పేటప్పుడు పుస్తకంలో లెక్కలు అయ్యాక, ఒక ప్లాంటు నుంచి పేర్లు కొట్టేసిన నిజమైన లాగ్ షీట్లు చేతికిచ్చేవాణ్ణి. ఎవాపరేటర్‌లోకి వెళ్లిన లిక్కరెంత, బయటికొచ్చిన లిక్కరెంత, ఆవిరైన నీరెంత. ఎప్పుడూ సరిపోదు. పిల్లలు తమ లెక్కే తప్పనుకుని చెరిపి మళ్లీ చేస్తారు, కొందరు అంకెల్ని సర్ది సరిపెడతారు. ఫ్లో మీటరు తప్పు చూపుతుందని, షిఫ్టు మారే వేళ రాసిన అంకె అంచనా అని, ఎక్కడో కవాటం కారుతోందని అప్పుడు మాట్లాడుకుంటాం. నూటికి నూరు పాళ్లు సరిపోయిన మాస్ బ్యాలెన్స్ కనిపిస్తే ఆ రిపోర్టుని నేను రెండోసారి చదువుతాను. అంకెలు సర్దే అలవాటు రెండో ఏట మానకపోతే థీసిస్‌లోనూ మానదు.

వేడి గురించిన పాఠంలో విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం వచ్చి తీరేది. 2020 మే 7 తెల్లవారుజామున విషవాయువు లీకైంది అక్కడే: ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోని స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) తనంతట తానే పాలిమర్ కావడం మొదలెట్టింది. ఆ చర్య వేడి పుట్టిస్తుంది, ఆ వేడి చర్యని ఇంకా తొందరపెడుతుంది. చల్లబరచడం, చర్యని ఆపే రసాయనం, ట్యాంకులో ద్రవం కలియతిరగడం, ఈ మూడూ చాలినంత లేకపోతే ఏమవుతుందో బోర్డు మీద సమీకరణం రాసి, దాని పక్కనే ఊరి పేరు రాస్తే క్లాసులో ఎవరూ ఫోను చూడరు. మా పిల్లల్లో సగం మందికి విశాఖలో చుట్టాలున్నారు.

గైడు సంగతికి వస్తాను. సంస్థ పేరు కంటే ఇది ముఖ్యమని నా గట్టి అభిప్రాయం, దీన్ని ఒప్పుకోని సహోద్యోగులూ ఉన్నారు. చేరేముందు ఆయన దగ్గర ఇప్పుడు పని చేస్తున్న స్కాలర్లని అడిగితే నిజం రాదు. పూర్తి చేసి వెళ్లిపోయినవాళ్లకి ఫోను చెయ్యి, మధ్యలో మానేసినవాళ్లు దొరికితే వాళ్లకి తప్పకుండా చెయ్యి. సబ్మిషన్‌కి ఎన్నేళ్లు పట్టింది? డ్రాఫ్టు ఇస్తే ఎన్ని రోజులకి తిరిగిచ్చేవారు? పేపరు మీద మొదటి పేరు ఎవరిది? ఇప్పుడెక్కడున్నారు? ఈ నాలుగు చాలు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకే సమయంలో ప్రొఫెసరు దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6గురు, అసిస్టెంట్ దగ్గర 4గురు స్కాలర్లే ఉండాలి. పీహెచ్‌డీ గడువు 6 ఏళ్లు, పొడిగింపు 2 ఏళ్లు, ఆడపిల్లలకి ఇంకో 2 ఏళ్లు, ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు 240 రోజుల దాకా. పెళ్లయితే చదువాగిపోతుందని ఇంట్లో అంటే ఈ మాట చెప్పు. ఐఐటీలు, ఎన్ఐటీల సొంత నియమాలు వేరే ఉంటాయి, చూసుకో.

నాకు తెలిసిన ఒకబ్బాయి, సంస్థ పేరు వద్దు, థీసిస్ రాసిచ్చాక గైడు బల్ల మీదే అది ఏడాది దాటి ఉండిపోయింది. తెలివైనవాడు, పని పూర్తి చేశాడు, ఫెలోషిప్ గడువైపోయింది. ట్యూషన్లు చెప్పుకుని నెట్టుకొచ్చాడు. చివరికి డిగ్రీ వచ్చింది గాని అధ్యాపక వృత్తి మీద మనసు విరిగి మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. అక్కడ బాగానే ఉన్నాడు. నష్టపోయింది అతను చెప్పాల్సిన క్లాసులు.

గైడుగా నేను నేర్చుకున్నది ఒకటి చెప్తాను. ఒడియా మీడియంలో చదివిన ఒక అమ్మాయి గ్రూపు మీటింగుల్లో నోరు విప్పేది కాదు. మాట్లాడు మాట్లాడు అని ఒత్తిడి చేస్తే ఇంకా ముడుచుకుపోతుంది. శాంపిల్లో లోహాలెంతున్నాయో కొలిచే అటామిక్ అబ్సార్‌ప్షన్ యంత్రం బాధ్యత మొత్తం ఆమెకిచ్చాను: కాలిబ్రేషను, ల్యాంపుల లెక్క, కొత్తవాళ్లకి నేర్పడం. సీనియర్లు కూడా తమ శాంపిళ్లు పట్టుకుని ఆమె దగ్గరికే రావాలి. ఎవరి శాంపిలు ఎందుకు చెడిందో చెప్పాల్సి రావడంతో నోరు దానంతటదే పెగిలింది. తర్వాత మీటింగుల్లో నన్ను కూడా "సార్, బ్లాంకు (పోలిక కోసం పెట్టే ఖాళీ శాంపిలు) తీశారా?" అని అడిగేది. అందరికీ ఈ ఉపాయం పని చెయ్యదు. కొందరికి నిజంగా వేరే ఉద్యోగమే మంచిది, ఆ మాట మొదటి ఏడాదిలోనే మొహం మీద చెప్పడం కూడా గైడు పనే.

డబ్బు లెక్క. గేట్ ప్రవేశ పరీక్షతో ఎం.టెక్‌లో చేరితే స్టైపెండు నెలకి 12,400 రూపాయలు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) 37,000, ఎస్ఆర్ఎఫ్‌కి (సీనియర్ ఫెలోషిప్‌కి) మారాక 42,000, ఇవి 2023 జనవరి నుంచి ఉన్న రేట్లు, హాస్టల్ లేకపోతే అద్దె భత్యం అదనం. మంచి మార్కులుంటే బి.టెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీ తీసుకునే సంస్థలూ ఉన్నాయి. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. ఐఐటీలో గ్రేడ్-1 అయితే 1,01,500, కాని అక్కడ సాధారణంగా పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. ప్రైవేటు కాలేజీల్లో అపాయింట్‌మెంట్ లెటర్ మీది అంకెని నమ్మకు, అక్కడ పని చేసేవాళ్ల బ్యాంకు ఖాతాలో నెలనెలా ఎంత పడుతోందో అడుగు.

బోధన ఉద్యోగం రాకపోతే? అందుకే పైన అంత సేపు ప్రశ్న గురించి చెప్పింది. ఎవాపరేషన్, స్ఫటికీకరణ, వడపోత, చర్యల వేగం లాంటివాటి మీద అసలు పదార్థంతో పని చేసినవాళ్లని మందుల కంపెనీలు ప్రాసెస్ డెవలప్‌మెంట్‌కి తీసుకుంటాయి. హైదరాబాదు, విశాఖ పరవాడ వైపు అలాంటి ఉద్యోగాలున్నాయి. భువనేశ్వర్ ఐఎంఎంటీ, హైదరాబాద్ ఐఐసీటీ లాంటి ప్రభుత్వ సీఎస్ఐఆర్ పరిశోధన ల్యాబులు, చమురు సంస్థల పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. కంప్యూటరు మీద సిమ్యులేషన్ ఒక్కటే చేసి, ఒక్క పంపు కూడా విప్పనివాళ్లకి ఈ తలుపులు అంత తేలిగ్గా తెరుచుకోవు. సిమ్యులేషన్ వద్దనను, దాంతో పాటు చేతులకి కాస్త నూనె అంటాలి.

డబ్బు కట్టించుకుని వారంలో పేపరు వేసే పత్రికల జోలికి మాత్రం పోకు. థీసిస్‌కి ముందు పేపరు అచ్చవ్వాలన్న షరతుని యూజీసీ 2022లో తీసేసింది, చాలా సంస్థలు ఇంకా అడుగుతూనే ఉన్నాయి. అడిగినా సరే, తొందరపడి అలాంటి చోట వేస్తే ఇంటర్వ్యూలో ఆ ఒక్క పేరే అందరూ చూస్తారు.

చివరగా నీ ఆఫరు సంగతి. కాదనకు. చేరే తేదీ ఎప్పుడో, ఇన్నేళ్లు మానకూడదన్న బాండు ఏమైనా ఉందేమో చూడు. గేట్ ఫిబ్రవరిలో, దరఖాస్తు అంతకు ముందు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఒక ఏడాది ఉద్యోగం చేసినా పోయేదేమీ లేదు, ఇంటికి కాస్త డబ్బూ చేరుతుంది. బాండు రెండేళ్లు దాటితే మాత్రం ఆలోచించు. పీహెచ్‌డీ ప్రకటనలు ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు, నవంబరులో ఒకసారి వస్తాయి. ఏ గైడులకి రాయాలనుకుంటున్నావో, ఏ విషయమో కింద పెట్టు, ఈమెయిల్ ముసాయిదా నేను దిద్దిపెడతాను.